డాక్టరు సలహా, నర్సు ఫోను, మొబైల్ సందేశం: జీవనశైలి మార్పుకు క్లినిక్‌లో ఏది మేలు?

చిన్న పట్టణాల్లో సొంతంగా క్లినిక్ పెట్టుకున్న యువ వైద్యులు ఈ మధ్య తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. బీపీ, షుగర్‌తో వచ్చేవారికి మందులు రాయడం ఎలాగూ తప్పదు. కానీ తిండి, నడక, పొగాకు వంటి విషయాల్లో మార్పు తేవాలంటే డాక్టరు తానే చెబితే సరిపోతుందా, దానికోసం ఒక నర్సునో కౌన్సెలర్‌నో పెట్టుకోవాలా, లేక ఫోనుకు సందేశాలు పంపే ఏర్పాటు చేసుకుంటే చాలునా? మూడింటికీ పరిశోధనల బలం ఉంది. అయినా ఓపీ నిండుగా ఉండే మన క్లినిక్‌లలో అవి మూడూ ఒకే రకంగా పనిచేయవు.

డాక్టరు మాటకున్న విలువను తక్కువ చేయలేము. బీపీ చూసి, గుండె విని, "చుట్ట మానెయ్యండి" అని డాక్టరు అన్నప్పుడు ఆ మాట ఇంటివాళ్ళు వందసార్లు అన్నదానికంటే గట్టిగా తాకుతుంది. 1979లో వెలువడిన ఒక లండన్ అధ్యయనంలో 28 మంది ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చిన రెండు వేల మందికి పైగా పొగతాగేవారిని నాలుగు వర్గాలుగా విడదీశారు. డాక్టరు సలహా మాత్రమే విన్నవారిలో 3.3 శాతం మంది ఏడాది తరువాత కూడా పొగకు దూరంగా ఉండగా, ఏ జోక్యమూ లేనివారిలో అది 0.3 శాతమే. ఒకటి రెండు నిమిషాల మాటకు ఇది చిన్న ఫలితం కాదు. అయితే సలహాతోపాటు ఒక కరపత్రం ఇచ్చి, మళ్ళీ అడుగుతామని ముందే చెప్పిన వర్గంలో ఆ సంఖ్య 5.1 శాతానికి పెరిగింది. నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే: మళ్ళీ అడిగేవారు ఉన్నారా, లేరా.

2016లో ఇంగ్లండులో బరువు తగ్గడంపై జరిగిన మరో అధ్యయనం దీన్ని ఇంకా స్పష్టంగా చూపింది. వేరే పనిమీద వచ్చిన 1,882 మంది స్థూలకాయులతో డాక్టర్లు ముప్పై సెకన్లపాటు బరువు గురించి మాట్లాడారు. సగం మందికి బరువు తగ్గితే మంచిదని చెప్పి ఊరుకున్నారు. మిగతా సగం మందికి పన్నెండు వారాల బృంద కార్యక్రమంలో చేరే అవకాశం చూపి, ఒప్పుకున్నవారికి క్లినిక్ గడప దాటకముందే పేరు నమోదు చేయించారు. ఏడాది తరువాత మొదటివారు సగటున ఒక కిలో, రెండోవారు దాదాపు రెండున్నర కిలోలు తగ్గారు. డాక్టరు వెచ్చించిన సమయం రెండు వైపులా ఒక్కటే. తేడా అంతా ఆ తరువాతి ఏర్పాటులోనే ఉంది.

అందుకే నర్సు లేదా కౌన్సెలర్ వైపే నేను మొగ్గుతాను. మన దగ్గరి ఆధారమూ అటే చూపిస్తోంది. షుగర్ అంచున ఉన్న 531 మందితో చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి, వ్యాయామాలపై వ్యక్తిగతంగా సలహా ఇస్తూ ఫోనులోనూ పలకరిస్తూ వచ్చిన వర్గంలో మధుమేహం వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు ఇచ్చిన వర్గంలో తగ్గింది 26.4 శాతం. సలహా వర్గంలో బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా ఈ ప్రయోజనం కలిగిందన్నది, కాటా చూసి నిరుత్సాహపడే మన రోగులకు తప్పకుండా చెప్పవలసిన మాట.

నర్సుకు ఉండి డాక్టరుకు లేనిది తీరిక. "ఉప్పు తగ్గించండి" అని డాక్టరు అంటాడు, రోగి "అలాగేనండీ" అంటాడు, అక్కడితో ఆ సంభాషణ ముగిసిపోతుంది. పక్క గదిలో నర్సు మరోలా అడగగలదు: "ఇంట్లో ఎంతమంది ఉంటారు? ఉప్పు పొట్లం ఎన్నాళ్ళు వస్తుంది?" నలుగురున్న ఇంట్లో కిలో పొట్లం నెలకే అయిపోతుంటే, మనిషికి రోజుకు ఎనిమిది గ్రాముల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు ఐదు గ్రాముల లోపు. అందులో కొంత పారబోతకు పోయినా, బయట కొన్న ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు ఈ లెక్కలో లేనే లేవు. ఈ ప్రశ్నకు చాలామంది మగవాళ్ళు జవాబు చెప్పలేక బయట బెంచీమీద కూర్చున్న భార్యవైపు చూస్తారు. ఆమెను లోపలికి పిలిచి, "పెరుగన్నంలో విడిగా ఉప్పు వేసుకోవడం ఈ నెల మానేద్దాం" అని ఒక్క విషయం ఖాయం చేసుకుని, మళ్ళీ ఫోను చేసే తేదీ చెప్పి పంపితే, అప్పుడది సలహా స్థాయి దాటి ఒప్పందం అవుతుంది. వంట చేసేవారితో మాట్లాడకుండా రోగికి ఆహార నియమాల కాగితం ఇచ్చి పంపే పద్ధతిని ఇకనైనా మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

మొబైల్ సందేశాల విషయానికి వస్తే, వాటిని తీసిపారేయడానికి వీల్లేదు. అదే రామచంద్రన్ బృందం 2013లో ప్రచురించిన మరో అధ్యయనంలో, రెండేళ్ళపాటు సందేశాలు అందుకున్న పురుషుల్లో 18 శాతం మందికి, అందుకోనివారిలో 27 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఖర్చు స్వల్పం కాబట్టి ఆకర్షణ సహజమే. కానీ ఆ రెండు వర్గాలకూ మొదట్లో మనిషి ఎదురుగా కూర్చుని సలహా ఇచ్చాడన్నది మరిచిపోకూడదు. పైగా మన ఓపీలో చదవడం రాని పెద్దవాళ్ళు, ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోను ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. తోడుగా వాడితే సందేశం మేలే. నర్సుకు బదులుగా మాత్రం వద్దు.

అడుగుల లెక్క చెప్పే యాప్‌లు, చేతి పట్టీలు అప్పటికే నడక అలవాటున్నవారికి సరదాగా ఉపయోగపడతాయి. వారానికొకసారి జరిపే బృంద సమావేశాలు మంచివే గానీ, కూలికి వెళ్ళేవారు, దుకాణం నడిపేవారు రాలేరు.

పల్లెలకు దగ్గరగా ఉన్న క్లినిక్‌లకు మరో దారి ఉంది. బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంక గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి బీపీ చూసి, అలవాట్ల గురించి మాట్లాడి, అవసరమైనవారిని డాక్టరు దగ్గరికి పంపిన చోట పై బీపీ ఇతర గ్రామాలకంటే సుమారు ఐదు పాయింట్లు ఎక్కువగా తగ్గిందని 2020లో వెల్లడైంది. మనకు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఉన్నారు. ఎవరికి ఏ విషయం చెప్పామో వారికీ తెలిపితే, మళ్ళీ అడిగే గొంతు ఇంటి గుమ్మం దాకా వెళుతుంది. వారి పనిభారం ఇప్పటికే ఎక్కువ కాబట్టి మొత్తం వారి మీదే వదిలేయడం మాత్రం న్యాయం కాదు.

అందరూ చెప్పే ఇబ్బంది జీతం. రోజుకు ముప్పై, నలభై ఓపీ ఉన్న క్లినిక్‌కు పూర్తికాలపు కౌన్సెలర్ భారమే, నిజం. అటువంటి చోట ఉన్న నర్సుకే మధ్యాహ్నం ఓపీ ఖాళీగా ఉండే గంట ఈ పనికి కేటాయించవచ్చు. కావలసిందల్లా ఒక పుస్తకం. అందులో రోగి పేరు, ఫోను నంబరు, ఒప్పుకున్న ఒకే ఒక్క మార్పు, మళ్ళీ ఫోను చేయవలసిన తేదీ ఉంటే చాలు. ఏ తేదీ వేయాలన్న సందేహానికి మన ఓపీ చీటీలోనే జవాబుంది. చాలా క్లినిక్‌లలో ఒకసారి కట్టిన ఫీజు వారమో, పదిహేను రోజులో చెల్లుతుంది. ఆ గడువు తీరడానికి రెండు రోజుల ముందు నర్సు ఫోను చేసి, "ఉప్పు సంగతి ఎలా ఉందండీ? ఎల్లుండిలోపు వస్తే ఫీజు లేకుండానే బీపీ చూస్తాం" అంటే, మందులు అయిపోయేదాకా ఇటు తిరిగి చూడని మనిషి కూడా వస్తాడు.