గరుకు ఉపరితలం ఉన్న రెండు ఇంప్లాంట్లు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

పిప్పి పట్టి తీయించుకున్న కింది దవడ పన్ను స్థానంలో 2016లో మొదటి ఇంప్లాంటు, పై దవడలో వెనుక భాగాన 2019లో రెండోది వేయించుకున్నాను. రెండూ కృత్రిమ పన్నుకు వేరులా దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలే. తేడా అంతా వాటి ఉపరితలంలో ఉంది.

మొదటిది అల్యూమినా రేణువులను వేగంగా చిమ్మి, ఆపైన ఘాటైన ఆమ్లాలలో ఉంచి గరుకు చేసిన రకం. దంతవైద్యులు దీనిని ఎస్‌ఎల్‌ఏ అంటారు. 1965లో స్వీడన్‌లో ఈ పద్ధతికి ఆద్యుడైన బ్రోనెమార్క్ తొలి రోగికి అమర్చిన స్క్రూలకు ఈ గరుకుదనం లేదు. ఆ రోజుల్లో ఎముక అతుక్కోవడానికి కింది దవడలో 3 నెలలు, పై దవడలో 6 నెలలు ఆగి, తరువాతే పన్ను కట్టేవారు. నాకు ఎనిమిదో వారంలోనే కట్టారు.

రెండోదానికీ అదే గరుకుదనం ఉంది గాని, దానిని గాలి తగలకుండా ఉప్పునీటిలో భద్రపరిచారు. గాలిలో ఉన్న టైటానియం మీద కర్బన పదార్థాలు పేరుకుని తడిని అంటనివ్వవు; ఉప్పునీటిలో ఉంచితే ఆ అడ్డు ఉండదు. స్క్రూ కొసను ఎముకలోని రంధ్రానికి ఆనించగానే నెత్తురు దాని మరల (స్క్రూ చుట్టూ ఉండే గాడుల) వెంట తనంతట తానే పైకి పాకడాన్ని డాక్టరు గారు తరువాత తెర మీద చూపించారు; ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఎముకలో స్క్రూ స్థిరత్వాన్ని 1 నుంచి 100 వరకు అంకెలలో కొలిచే పరికరం అమర్చిన రోజున 62, మూడో వారంలో 58, ఎనిమిదో వారంలో 71 చూపింది. మధ్యలో తగ్గినప్పుడు చాలా బెంగపడ్డాను. పాత ఎముక కరుగుతూ, కొత్త ఎముక ఇంకా గట్టిపడని ఆ వారాలలో పట్టు కొంత సడలుతుందనీ, ఆ గడువును కుదించడానికే ఇలాంటి ఉపరితలాలను రూపొందించారనీ ఆయన వివరించాక గాని మనసు కుదుటపడలేదు.

నమలడంలో ఇప్పుడు రెండింటికీ తేడా తెలియదు. జంతికలు కూడా ఏ వైపునైనా నమలగలుగుతున్నాను. కాబట్టి గట్టి ఎముక ఉన్న కింది దవడకు మామూలు గరుకు రకం చాలు, మెత్తటి ఎముక ఉన్న పై దవడకు మాత్రం అదనపు ధర పెట్టడం సమంజసమే అని నా అభిప్రాయం.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఎముకకు పట్టు ఇచ్చే గరుకుదనమే, చిగురు జారి బయటపడితే, సూక్ష్మజీవులకు కూడా చోటిస్తుందని మొదటి ఇంప్లాంటు వేసిన క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు. పళ్ల సందులలో తోమే చిన్న బ్రష్ వాడమనీ చెప్పలేదు. 2022లో ఆ ఇంప్లాంటు దగ్గర చిగురు నుంచి నెత్తురు కారితే ఎక్స్‌రే తీయించాను; రెండు మరల మేర ఎముక తగ్గిపోయి కనిపించింది. వేరే డాక్టరు గారు శుభ్రం చేశారు. అప్పటి నుంచి రోజూ రాత్రి ఆ బ్రష్ వాడుతున్నాను, ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. పోయిన ఎముక తిరిగి రాలేదు; అంతకు మించి తగ్గనూ లేదు.