తెలుగు సైట్‌కి థీమ్ కస్టమైజేషన్ చేయిస్తున్నారా? బ్యాలెన్స్ కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో చిన్న వెబ్ డిజైనింగ్ షాపుల దగ్గర వర్డ్‌ప్రెస్ సైట్ చేయించుకునేవాళ్ల కోసం, అందులోనూ తెలుగులో రాసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర గల్లీల్లో కోచింగ్ బోర్డుల మధ్య ఇలాంటి షాపులు బోలెడు. థీమ్ అంటే సైట్ రూపురేఖల్ని నిర్ణయించే రెడీమేడ్ ఫైళ్ల కట్ట, దాన్ని మనకు తగ్గట్టు మార్చడమే కస్టమైజేషన్. అలాంటి ఒక షాపు వాళ్లు ‘ప్రీమియం థీమ్ కస్టమైజేషన్’ అని బిల్లు వేసి నాకు అంటగట్టింది ఉచితంగా దొరికే థీమ్. అందులో చేసిన మార్పులు ఒక్క అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోయాయి. మళ్లీ చేసిపెట్టడానికి మళ్లీ డబ్బు అడిగారు. షాపు పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పనిచేసే షాపులు ఇంకా ఉన్నాయని ఆ తర్వాత తెలిసినవాళ్లు చెప్పారు కాబట్టి, ఆ పద్ధతి ఏమిటో చెప్పడమే ఎక్కువ ఉపయోగం.

మాది వంటల సైట్. మా అత్తగారు చెబుతుంటే రాసుకున్న పచ్చళ్లు, పొడులు, పండగ పిండివంటలు. నేను అడిగింది పెద్ద పనేమీ కాదు. హోమ్ పేజీలో ఒక్కో వంటకీ ఒక కార్డు ఉండాలి, అందులో ఫోటో, పేరు, రెండు మూడు వరుసల పరిచయం, కింద ‘ఇంకా చదవండి’ అనే లింకు ఉండాలి. ఈ పరిచయాన్నే వర్డ్‌ప్రెస్‌లో ఎక్సెర్ప్ట్ అంటారు. మనం విడిగా రాసి పెట్టకపోతే పోస్టు మొదట్లోంచి 55 పదాలు అదే తీసుకుంటుంది, చివర బ్రాకెట్లలో మూడు చుక్కలు పెడుతుంది. తీసుకునేటప్పుడు జాబితాలూ పేరాలూ అన్నీ చదును చేసేస్తుంది. అందుకే ఏ వంట చూసినా పరిచయంలో ‘కావలసిన పదార్థాలు గోంగూర రెండు కట్టలు ఎండుమిర్చి పది మెంతులు అర చెంచా’ అని సరుకుల చీటీలా వచ్చేది. దీన్ని సరిచేయమనే వాళ్ల దగ్గరికి వెళ్లాను.

ఇరవై రెండు వేలు మాట్లాడుకున్నాం, సగానికి పైగా అడ్వాన్స్. ల్యాప్‌టాప్‌లో డెమో చూపించారు. కార్డులన్నీ గీత గీసినట్టు ఒకే ఎత్తు, చూడముచ్చటగా ఉంది. అందులో ఉన్నదంతా ఇంగ్లీషు అక్షరాలే, అవి కూడా అర్థం లేని ‘లోరెమ్ ఇప్సమ్’ లాటిన్ ముక్కలు. మోసం ఏదైనా ఉంటే అది ముందుగా ఇక్కడే ఉంది. ఆ డెమోలో తెలుగు అక్షరం ఒక్కటి పెట్టి ఉంటే బండారం అక్కడికక్కడే బయటపడేది.

సైట్ చేతికొచ్చాక ఫోన్లో తెరిచాను. కొన్ని కార్డుల్లో పరిచయం చివర నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. కొన్నింట్లో బాగానే ఉంది. కేటగిరీ పేజీకి వెళితే డైమండ్లు లేవు కానీ, చాలా కార్డుల్లో పరిచయమే లేదు, ఫోటో కింద ఖాళీ. ఉన్నచోట కూడా ఆరేడు మాటలే. పైగా పేర్లలో వత్తులు సగానికి తెగిపోయి ‘అల్లం పచ్చడి’ కాస్తా ‘అలం పచడి’ అయింది. కొబ్బరి అన్నానికి కూడా అదే గతి.

ఫోన్ చేస్తే మొదట ‘మీ మొబైల్‌లో ఫాంట్ ప్రాబ్లమ్ మేడమ్, క్యాష్ క్లియర్ చేయండి’ అన్నారు. మా అబ్బాయి ఫోన్లో, పక్కింటావిడ ఫోన్లో చూశా, అంతే. మళ్లీ చేశాను. ‘తెలుగు కదా మేడమ్, అలాగే వస్తుంది. టైటిల్స్ ఇంగ్లీషులో పెట్టుకోండి, నీట్‌గా ఉంటుంది’ అన్నారు. ఈ మాటకు ఎంత ఒళ్లు మండిందో తెలుగులో సైట్ నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి మా పెద్దమ్మ మనవడు చూసి చెప్పాడు. వాడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆదివారం భోజనానికి వచ్చి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. షాపువాళ్లు పరిచయాన్ని పదాల లెక్కన కాకుండా ‘సబ్‌స్టర్’ అనే పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన ప్రోగ్రామింగ్ భాష) ఫంక్షన్‌తో 150 దగ్గర కోసేశారట. ఆ ఫంక్షన్ లెక్కపెట్టేది అక్షరాల్ని కాదు, కంప్యూటర్ వాటిని దాచుకునే బైట్లని. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్, కాబట్టి అక్కడ రెండూ ఒకటే. వెబ్‌లో అక్షరాల్ని దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో తెలుగుకు ఒక్కో అచ్చుకీ హల్లుకీ, గుడికీ కొమ్ముకీ, పొల్లుకీ విడివిడిగా మూడేసి బైట్లు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలు, అంటే 18 బైట్లు. అలాంటప్పుడు 150 బైట్లలో పట్టేది ఆరేడు మాటలే. ఆ కత్తి సరిగ్గా ముక్కకీ ముక్కకీ మధ్య పడితే సరే, మూడు బైట్ల మధ్యలో పడితే ఆ ముక్క విరిగి డైమండ్ అవుతుంది. మధ్యలో వచ్చే ఖాళీలకూ కామాలకూ ఒక్కో బైటే కాబట్టి కోత ఎక్కడ పడుతుందో ఒక్కో పోస్టుకు ఒక్కోలా మారుతుంది. కొన్ని కార్డులు బాగుండి కొన్ని చెడిపోవడానికి కారణం అదీ. కేటగిరీ పేజీలో అదే ముక్కని వర్డ్‌ప్రెస్ సెక్యూరిటీ ఫంక్షన్ ఒకదాని గుండా పంపారు. విరిగిన అక్షరం కనిపిస్తే అది మొత్తం వాక్యాన్నే ఖాళీ చేసి ఇస్తుంది. అందుకే అక్కడ డైమండ్‌కి బదులు శూన్యం.

బైట్లు కాకుండా ముక్కల్ని లెక్కపెట్టే ‘ఎంబీ సబ్‌స్టర్’ ఫంక్షన్ వాడితే డైమండ్లు పోతాయి కానీ అది కూడా పొల్లు దగ్గరో గుణింతం ముందో కోయగలదు. ‘చట్నీ’ని ‘చట్’ దగ్గర ఆపేస్తే చదివేవాళ్లు ఏమనుకోవాలి? తెలుగుకు సరైన దారి పదాల లెక్కన కోయడమే. దానికి వర్డ్‌ప్రెస్ ఏనాడో ‘ఎక్సెర్ప్ట్ లెంగ్త్’ అనే ఫిల్టర్ పెట్టింది, అంటే దాని లెక్కను మన కోడ్‌తో మార్చుకునే వీలు. 55 బదులు మనకు కావలసిన అంకె ఇస్తే చాలు. మన మాటలు ఇంగ్లీషు మాటల కంటే పొడుగు కాబట్టి నాకు 20 సరిపోయింది. చివరి చుక్కల బదులు ‘ఇంకా చదవండి’ రావాలంటే ‘ఎక్సెర్ప్ట్ మోర్’ అని ఇంకో ఫిల్టర్ ఉంది. రెండూ కలిపి పది వరుసల కోడ్ కూడా ఉండదు. దీనికా ఇరవై రెండు వేలు అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. పని చిన్నదైనా సరిగ్గా చేస్తే డబ్బు ఇవ్వడానికి నాకేం బాధ లేదు, తెలిసినవాడి తెలివికి ఖరీదు ఉంటుంది. ఇక్కడ జరిగింది అది కాదు.

వత్తులు తెగడానికి కారణం ఇంకోటి. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపడా 1.2 పెట్టి, పేరు ఉండే డబ్బాకి పిక్సెళ్లలో ఎత్తు బిగించి, మిగిలింది దాచేయమని సీఎస్ఎస్‌లో, అంటే పేజీ ఎలా కనబడాలో చెప్పే కోడ్‌లో రాశారు. తెలుగులో అక్షరం కింద వత్తు వేలాడుతుందన్న ఊహే లేదు. ఎడం 1.6కి పెంచి, బిగించిన ఎత్తు తీసేస్తే అల్లం మళ్లీ అల్లమైంది.

ఇదంతా చేతకానితనం అనుకుని వదిలేసేదాన్నేమో. తర్వాత జరిగింది మాత్రం అలాంటిది కాదు. ఇవి సరిచేయకముందే ఒకరోజు డ్యాష్‌బోర్డులో థీమ్‌కి అప్‌డేట్ ఉందని చూపిస్తే నొక్కాను. సెక్యూరిటీ కోసం నొక్కాల్సిందే కూడా. నొక్కగానే కార్డులన్నీ మాయం. హోమ్ పేజీలో ప్రతి వంటా మొదటి నుంచి చివరి దాకా పరుచుకుంది, అరిసెల దాకా చేరాలంటే బొటనవేలు నొప్పి పుట్టాల్సిందే. షాపుకి ఫోన్ చేస్తే ‘అప్‌డేట్ ఎందుకు నొక్కారు మేడమ్? నొక్కే ముందు మాతో చెప్పాలి కదా’ అని నా మీదే ఎగిరారు. రీ-కస్టమైజేషన్‌కి నాలుగున్నర వేలట. లేదంటే ఏడాదికింత అని ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం తీసుకోమన్నారు. ఆ ఏఎంసీలో వాళ్లు చేసే పని ఏమిటని గుచ్చి గుచ్చి అడిగితే తేలింది ఏమిటంటే, అప్‌డేట్లు ఆపేసి ఉంచడం.

మార్పులన్నీ వాళ్లు అసలు థీమ్ ఫైళ్లలోనే నేరుగా రాశారన్నమాట. అద్దె ఇంటి గోడ మీద రాసుకున్న లెక్కలు ఓనరు సున్నం వేయించగానే పోయినట్టే ఇది. థీమ్ అప్‌డేట్ అయితే పాత ఫోల్డర్ మొత్తం పోయి కొత్తది వస్తుంది, మన మార్పులు దాంతో పాటే పోతాయి. ఇలా కాకూడదనే వర్డ్‌ప్రెస్‌లో చైల్డ్ థీమ్ అనే ఏర్పాటు ఉంది. పక్కన చిన్న ఫోల్డర్ పెట్టి, అందులో స్టైల్ ఫైల్ పైన ఫలానా థీమ్ దీనికి తల్లి అని ఒక వరుస రాసి, మన మార్పులన్నీ అక్కడే ఉంచితే తల్లి థీమ్ ఎన్నిసార్లు అప్‌డేట్ అయినా అవి చెక్కుచెదరవు. ఇది తెలియని డెవలపర్ ఉంటాడని నేను నమ్మను. తెలిసీ చేయకపోతే ప్రతి అప్‌డేట్‌కీ కస్టమర్ తిరిగి వాళ్ల గుమ్మం ఎక్కాలి, అదీ ఇందులో ఉన్న వ్యాపారం.

ఇక ‘ప్రీమియం’ సంగతి. డ్యాష్‌బోర్డు మెనూలో అప్పియరెన్స్‌లో థీమ్స్‌కి వెళ్లి థీమ్ డీటెయిల్స్ నొక్కితే దాని అసలు పేరు, తయారుచేసినవాళ్ల పేరు కనిపిస్తాయి. ఆ పేరుతో వెతికితే వర్డ్‌ప్రెస్ వాళ్ల సొంత డైరెక్టరీలో ఎవరైనా ఉచితంగా దించుకునేలా కనిపించింది. ఉచిత థీమ్ వాడటం తప్పు కాదు, వాటిలో చాలా మంచివి ఉన్నాయి. దాన్ని ప్రీమియం అని బిల్లులో రాయడం తప్పు. నిజంగా కొన్న థీమే అంటే కొన్న కోడ్ చూపించమని అడగండి. థీమ్‌లు అమ్మే థీమ్‌ఫారెస్ట్ సైట్‌లో కొంటే పర్చేజ్ కోడ్ వస్తుంది, మామూలు లైసెన్సు ఒక్క సైట్‌కే వర్తిస్తుంది, ఆరు నెలల సపోర్టు కూడా ఉంటుంది. అది మీ పేరు మీద కొనిపించుకోండి. ఎక్కడో దొరికిన ‘నల్డ్’ కాపీ, అంటే లైసెన్సు తాళం తీసేసిన దొంగ కాపీ పెడితే అందులో ఏ వైరస్ కోడ్ దూరి ఉందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు పని ఒప్పుకునే ముందు నేనైతే ఏం అడుగుతానో చెబుతాను. డెమో మీ పోస్టులతోనే చూపించమనండి. ఒకటి పొడుగు పేరున్నది, ఒకటి వత్తులతో నిండినది, ఒకటి ఫోటో లేనిది ఇవ్వండి, ఫోన్లో చూడండి. థీమ్ డీటెయిల్స్‌లో ‘ఇది ఫలానా థీమ్‌కి చైల్డ్ థీమ్’ అనే ఇంగ్లీషు వాక్యం కనిపించాలి, కోడింగ్ రాకపోయినా ఇది ఎవరైనా చూడొచ్చు. కొత్త తరహా బ్లాక్ థీమ్ (సైట్ మొత్తాన్ని కోడ్ లేకుండా ముక్కలు ముక్కలుగా అమర్చుకునేది) అయితే, సైట్ ఎడిటర్‌లో చేసిన మార్పులు డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి అప్‌డేట్‌కి పోవు. పరిచయంలో ఎన్ని పదాలు రావాలో అక్కడ స్లైడర్ జరిపి మీరే పెట్టుకోవచ్చు కూడా.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఒకటుంది. బ్యాలెన్స్ ఇచ్చే ముందు, సైట్ కాపీ ఒకటి పెట్టించి, అసలు థీమ్ జిప్ ఫైల్‌ని మీ కళ్లముందే మళ్లీ అప్‌లోడ్ చేయమనండి. ఉన్నదాని స్థానంలో కొత్తది పెట్టాలా అని వర్డ్‌ప్రెస్ అడుగుతుంది, ఈ సౌకర్యం 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచీ ఉంది. అవునని నొక్కాక కూడా మీ కార్డులు అలాగే ఉంటే పని సవ్యంగా చేసినట్టే. ‘అలా చేయకూడదు మేడమ్’ అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే, బ్యాలెన్స్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఇంకో మెలిక. మీకిచ్చిన లాగిన్ అడ్మినిస్ట్రేటరా, ఎడిటరా చూసుకోండి. ఎడిటర్ లాగిన్‌కి అప్పియరెన్స్ మెనూయే కనిపించదు, థీమ్ డీటెయిల్స్ చూడలేరు. డొమైన్, హోస్టింగ్ మీ మెయిల్ ఐడీ మీద ఉండాలని వేరే చెప్పాలా.

ఇప్పటికే ఇలాంటి సైట్ నడుపుతున్నవాళ్లు భయపడి అప్‌డేట్లు ఆపేయకండి. హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో థీమ్స్ ఫోల్డర్‌ని జిప్ చేసి దించి దాచుకోండి. తెలిసినవాళ్లెవరైనా దాన్ని అదే వెర్షన్ అసలు థీమ్‌తో పోల్చి చూస్తే షాపువాళ్లు మార్చిన వరుసలు ఇట్టే దొరుకుతాయి, వాటిని చైల్డ్ థీమ్‌లోకి మార్చుకున్నాకే అప్‌డేట్ నొక్కండి. చైల్డ్ థీమ్‌కి మారేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, కస్టమైజర్‌లో ఉండే అడిషనల్ సీఎస్ఎస్‌ డబ్బాలో రాసినవి పాత థీమ్ పేరు మీదే ఉండిపోతాయి, కాపీ చేసి తెచ్చుకోవాలి.

నా డబ్బు విషయానికొస్తే, బిల్లు, వాట్సాప్ సంభాషణ, డైరెక్టరీలో ఆ థీమ్ ఉచితమని చూపే స్క్రీన్‌షాట్ అన్నీ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. అంతకుముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలన్నా, కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వెళ్లొచ్చు. నోటీసు అందాక షాపువాళ్లు తమంతట తామే ఫోన్ చేశారు, సగం వెనక్కి ఇస్తామన్నారు. రాతపూర్వకంగా ఇవ్వమన్నాను, ఇంకా ఇవ్వలేదు. ఇస్తే ఇక్కడే కింద రాస్తాను.