లంగరు తాడుకి పైతొడుగు: రెండేళ్లు వాడాక

మాది ఒడిశాలో గంజాం జిల్లా సోనాపూర్. బాహుదా మొగ దాటి వేటకెళ్లే ఫైబర్ పడవ. మా లంగరు తాడు ఎప్పుడు పోయినా ఒకే చోట పోయేది, పడవ ముక్కు అంచుకి ఆనే మూరెడు జాగాలో. తక్కిన తాడంతా గట్టిగానే ఉండేది. ఆ మూరెడు కోసం మొత్తం పారేయాలంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

2023 వేట నిషేధంలో మా మేనల్లుడు ఇంటికొచ్చాడు. గోవాలో తెరచాప పడవల మీద పని వాడిది. అక్కడ తీసేసిన 12 మిల్లీమీటర్ల డైనీమా (చాలా గట్టి ప్లాస్టిక్ పోగు) తాడూ, గొట్టంలా అల్లిన పాత పాలిస్టర్ తొడుగూ తెచ్చాడు. "మావయ్యా, తాడంతా కప్పక్కర్లేదు, రాసుకునే చోట కప్పితే చాలు" అన్నాడు. తెరచాప తాళ్లని వించ్‌కి, అంటే తాడు లాగే ఇనప రాట్నానికి, చుట్టే చోట వాళ్లు చేసేది అదేనట. డైనీమా 150 డిగ్రీల లోపే కరుగుతుంది, పాలిస్టర్ 250 దాకా ఓర్చుకుంటుంది. రాపిడి వేడి పైతొడుగు తింటుందన్నమాట. మేమూ లంగరుకి ఆ తాడే కట్టి, అంచుకి ఆనే చోట తొడుగు వేశాం. మూడు నెలలు తాడు మీద పీచు లేవలేదు. ఒడ్డున కనిపించినవాళ్లందరికీ చూపించాను.

తర్వాత ఓ రాత్రి వల వేసి లంగరు దించాం. తూర్పుగాలి లేచింది. రెండు గంటలప్పుడు టార్చి వేసి చూస్తే తొడుగు చొక్కా చెయ్యి మడిచినట్టు కిందికి పోగుపడి ఉంది. ఒట్టి తాడు అంచు మీద కోసుకుంటోంది. పన్నెండు పేటల్లో రెండు అప్పటికే తెగాయి. తెల్లారేదాకా అరగంటకోసారి మూరెడేసి తాడు వదులుతూ, రాసుకునే చోటు మారుస్తూ గడిపాం. ఆ రాత్రి నా తమ్ముడి మొహం నాకింకా కళ్లలోనే ఉంది.

తప్పు మాదే. డైనీమా నున్నటి తాడు, పట్టు ఉండదు. మేం తొడుగు రెండు చివర్లా దారం చుట్టి వదిలేశాం. మేనల్లుడు ఫోన్లో చెప్పినట్టు తొడుగు చివర పోగులు విప్పి, కొన్ని కోసి పలచన చేసి, దబ్బనంతో తాడు లోపలికి దూర్చాం. పైనుంచి ఈ పక్క ఆ పక్కకి కుట్టేశాం. తెగిన ముక్క కోసేసి, తాడు కొసని మడిచి దాని లోపలికే దూర్చి కొత్త కన్ను (ఉంగరంలాంటి మడత) వేశాం. దానికి కొస తాడు లావుకి 72 రెట్లు, అంటే 86 సెంటీమీటర్లు, లోపలికి పోవాలి. మొదట్లో అంత తాడు దండగ అనుకున్నాను. బరువు పడ్డప్పుడు పైతాడు నొక్కే నొక్కుకే అది నిలుస్తుందని ఇప్పుడు తెలుసు. ముడి వేస్తే బలం సగానికి సగం పోతుంది, పైగా జారుతుంది.

అప్పట్నుంచి తొడుగు కదల్లేదు. పైన నూగు లేచింది, అంతే.

కానీ ఒడ్డుకి లాగే పడవలకి ఇసకతో పేచీ. రేణువులు తొడుగులోకి దూరి లోపల్నుంచి కోస్తాయి. కుట్టేశాక విప్పి చూడ్డానికి లేదు. వారానికోసారి మంచినీళ్లలో జాడించి, వేళ్లతో నలిపి గరగర తగులుతోందా అని చూసుకుంటాను. ఇంకోటి, డైనీమా సాగదు. అల కుదుపంతా పడవ ముక్కు మీదే పడుతుంటే, కింద గొలుసు దగ్గర పది బారల నైలాన్ కలిపాను.

నాకు తాడు ఊరికే వచ్చింది. కొనాల్సొస్తే డైనీమా జోలికి పోయేవాణ్ని కాదేమో. చిన్నాన్న మూడు పేటల నైలాన్ తాడుకి ఇదే తొడుగు, ఇదే కుట్టు వేశాను. నైలాన్‌కి పట్టుంది కాబట్టి జారలేదు. నాలుగు నెలలే అయింది, ఇంకా గట్టి గాలి తగల్లేదు.