కాబోయే ఫాదర్, ఇంటికి వెళ్లే డీకన్

మన తెలుగు కతోలిక విచారణల్లో (చర్చి పరిధుల్లో) డీకన్, అంటే గురువు (ఫాదర్) కంటే ఒక మెట్టు కింద ఉండే అభిషిక్త సేవకుడు, అనగానే కొన్ని నెలల్లో గురువు కాబోయే యువకుడే గుర్తొస్తాడు. అమెరికాలో అలా కాదు. అక్కడ బలిపీఠం దగ్గర నిలబడిన డీకన్ పూజ అయ్యాక భార్యాపిల్లలతో ఇంటికి వెళ్లిపోతాడు. ఆయన శాశ్వత డీకన్, అంటే గురువు కాకుండా డీకన్‌గానే ఉండిపోయేవాడు. లాటిన్ సంఘంలో (రోమన్ పద్ధతి పాటించే కతోలిక సంఘంలో) ఈ పద్ధతిని 6వ పౌలు పోపుగారు 1967లో పునరుద్ధరించారు.

పూజలో మాత్రం ఈ రెండు రకాల డీకన్లకీ తేడా లేదు. స్టోల్ (పొడవాటి పూజా వస్త్రపు పట్టీ) ఎడమ భుజం మీద నుంచి ఏటవాలుగా వేసుకుంటారు. సువిశేషం చదువుతారు, ప్రసంగించవచ్చు, పాత్రలో ద్రాక్షారసం పోసి కొద్దిగా నీళ్లు కలుపుతారు, చివర్లో ‘సమాధానముతో వెళ్లండి’ అని ప్రజలను పంపుతారు. జ్ఞానస్నానం ఇవ్వగలరు, పెళ్లి జరిపించగలరు. పూజాబలిని అర్పించడం, పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినడం, రోగులకు అభ్యంగనం (పవిత్ర తైలం పూయడం) ఇవ్వడం మాత్రం గురువుల పనే.

తేడా అంతా జీవితంలో ఉంది. గురువు కాబోయేవాడు డీకన్ కావాలంటే 23 ఏళ్లు నిండాలి, బ్రహ్మచర్యానికి మాట ఇవ్వాలి, గురుపట్టానికి ముందు కనీసం ఆరు నెలలు డీకన్‌గా సేవ చేయాలి. పెళ్లయినవాడు శాశ్వత డీకన్ కావాలంటే 35 నిండాలి, భార్య ఒప్పుకోవాలి. తర్వాత ఆమె చనిపోతే సాధారణంగా మళ్లీ పెళ్లి ఉండదు. ఆ షరతు తెలిశాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

నా మనసు శాశ్వత డీకన్ వైపే. ఇంటి అప్పు, పిల్లల ఫీజుల టెన్షన్ తెలిసినవాడు సువిశేషం వివరిస్తే అది మన వాకిట్లోకే వస్తుంది. ముంబై అగ్రపీఠంలో (ఆర్చ్‌డయోసిస్‌లో) అలాంటివారు ఉన్నారు. మన పీఠాల్లోనూ చూడాలని ఉంది.