బ్లెండర్ ఉన్న బబుల్ సీపాప్: పసిబిడ్డ కంటికి ఎంత మేలు?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరికి బబుల్ సీపాప్ (ముక్కు ద్వారా నిరంతరం కొద్ది పీడనంతో గాలి అందించే పరికరం) చాలా మంచి సాధనం. ముక్కులో ప్రాంగ్స్ (చిన్న గొట్టాలు) పెడతారు; గాలి బయటికొచ్చే గొట్టం 5 సెంటీమీటర్లు నీళ్లలో మునిగి ఉంటే పీడనం కూడా అంతే, 5 సెంటీమీటర్ల నీటి పీడనం. బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి పోతోందని అర్థం. హైదరాబాద్‌లో చిన్న నర్సింగ్‌హోమ్ పెట్టుకునేవాళ్లకు మేం చెప్పేదొక్కటే: కొటేషన్‌లో బ్లెండర్ (గాలిని, ఆక్సిజన్‌ను కావలసిన పాళ్లలో కలిపే పరికరం) ధర విడిగా కనిపిస్తే, ఖర్చు తగ్గుతుందని దాన్ని కొట్టేయకండి.

బ్లెండర్ లేకుండా సిలిండర్ నుంచి నేరుగా పెడితే బిడ్డకు వెళ్లేది 100 శాతం ఆక్సిజన్. తల్లి కడుపులో పెరగాల్సిన రెటీనా (కంటి వెనకపొర) రక్తనాళాలు ఆ ఆక్సిజన్‌కు ఎదగడం మానేస్తాయి. కొన్ని వారాలకు రక్తం అందని ఆ భాగం కోసం కొత్త నాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొస్తాయి, ముదిరితే రెటీనానే లాగేస్తాయి. నెలలు నిండని బిడ్డలకు వచ్చే ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ) అనే కంటిజబ్బు అంటే ఇదే.

బ్లెండర్‌తో సుఖమేమిటంటే ఆక్సిజన్ 21 నుంచి 100 శాతం దాకా ఎంత కావాలో నాబ్ మీదే తిప్పుకోవచ్చు. బ్లెండర్ లేకుండా రెండు ఫ్లోమీటర్లతోనూ (నిమిషానికి ఎన్ని లీటర్లు వెళ్తుందో చూపేవి) కలపొచ్చు: గాలి 6 లీటర్లు, ఆక్సిజన్ 2 లీటర్లు అయితే దాదాపు 41 శాతం. కానీ రాత్రి డ్యూటీలో ఒక్క ఫ్లో మార్చినా లెక్కంతా మారిపోతుంది.

బ్లెండర్‌కున్న పెద్ద లోపం గురించి చాలామంది అడగరు. కరెంటు పోయి గాలి కంప్రెసర్ ఆగితే చాలా బ్లెండర్లు అలారం మోగిస్తూనే మిగిలిన గ్యాస్‌ను, అంటే 100 శాతం ఆక్సిజన్‌ను, బిడ్డకు వదిలేస్తాయి. అందుకే డెమోలో, బిడ్డకు తగిలించకముందే, కంప్రెసర్ ఆపించి చూడండి. అలారం వార్డు చివరిదాకా వినపడాలి. కంప్రెసర్‌ను జనరేటర్ లైన్‌కు కలపాలి. వానాకాలంలో కంప్రెసర్ వాటర్ ట్రాప్ (గాలిలోని నీరు చేరే గిన్నె) రోజూ ఖాళీ చేయాలి, లేదంటే తేమ లోపలికెళ్లి బ్లెండర్‌ను పాడుచేస్తుంది. ఆక్సిజన్ అనలైజర్ (ఆక్సిజన్ శాతం కొలిచేది) హ్యూమిడిఫైయర్‌కు (గాలికి తేమ పట్టించేది) ముందు, పొడి గొట్టంలో ఉండాలి.

ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) లేని బ్లెండర్ సగం పనిముట్టే. దాని ప్రోబ్ బిడ్డ కుడిచేతికి కట్టి, ఆక్సిజన్ ఇస్తున్నంతకాలం రీడింగ్ 90–95 శాతం మధ్య ఉంచాలి. 99 చూసి 'బిడ్డ బాగుంది' అనుకోవడమే కంటికి చేటు, అప్పుడు నాబ్ తగ్గించాలి. ఒక్కసారిగా కాదు, కొద్దికొద్దిగా.

యంత్రం ఎంత మంచిదైనా కంటి పరీక్ష తప్పదు. 34 వారాలలోపు లేదా 2000 గ్రాములలోపు పుడితే 30 రోజులలోపు, 28 వారాలలోపు లేదా 1200 గ్రాములలోపు అయితే రెండు మూడు వారాలకే. సీపాప్ మీద ఉన్న బిడ్డకు కూడా మంచం దగ్గరే చేయొచ్చు. కంటికి లేజర్ చికిత్స అవసరమని తేలితే రెండు మూడు రోజులకు మించి ఆగకూడదు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటివి ఊళ్లోనే ఉన్నాయి. పరీక్ష తేదీని డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో రాసివ్వండి.