పసిపిల్లలున్న ఇంట్లో జేబీఎల్ కంట్రోల్ 1 ప్రో

నడక వచ్చిన పిల్లలున్న ఇంట్లో నిలువెత్తు టవర్ స్పీకర్లు పెట్టుకోవడం మంచిది కాదు. స్టాండు మీద నిలబెట్టే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు అంతకంటే ప్రమాదం, ఎందుకంటే వాటి బరువంతా పైన ఉంటుంది, ఊత మాత్రం సన్నటి కాడ ఒక్కటే. అందుకని మా హాలుకు జేబీఎల్ కంపెనీ చిన్న స్పీకర్లయిన కంట్రోల్ 1 ప్రో జతను తీసుకుని గోడకు బిగించాము. హోటళ్లలోనూ బట్టల దుకాణాల్లోనూ పైకప్పుకు దగ్గరగా గోడమూలల్లో కనిపించే నల్లటి చిన్న పెట్టెలు ఈ తరహావే. హాలుకు అందం తెస్తాయని ఎవరూ అనరు. మా ఇంట్లోనైతే అసలే అనలేదు.

పెట్టె చెక్కది కాదు, పోతపోసిన గట్టి ప్లాస్టిక్. ఎత్తు దాదాపు జానెడు, ఒక్కొక్కటి రెండు కిలోల లోపే తూగుతుంది. లోపల మందమైన స్వరాలు పలికే 5.25 అంగుళాల వూఫరు, సన్నటి స్వరాలు పలికే ముప్పావు అంగుళం ట్వీటరు ఉన్నాయి. మా ఎంపికను తేల్చింది మాత్రం వాటి ముందున్న ఉక్కు జాలీ. ఇళ్ల కోసం చేసే స్పీకర్లలో ఎక్కువవాటికి గుడ్డ తొడుగే ఉంటుంది; దాని మీద పసివేలు ఒత్తుకుంటే వెనకనున్న ట్వీటరు డోము (ఉబ్బెత్తు గిన్నెలాంటి భాగం) సొట్టపోతుంది, లోహపు డోమైతే ఆ సొట్ట మళ్లీ సరికాదు. గోడకు ఎక్కించక ముందు వీటిని నేల మీద ఉంచినప్పుడు మా పాప స్టీలు గరిటెతో ఆ జాలీని తనివితీరా వాయించింది, అయినా చెప్పుకోదగ్గ గీత పడలేదు.

గోడకు బిగించే బ్రాకెట్ పెట్టెతోపాటే వస్తుంది. స్పీకరును కొంచెం కిందికి వంచి బిగించుకోవచ్చు కాబట్టి, పిల్లల చేతికి అందనంత ఎత్తున పెట్టినా ధ్వని సోఫాలో కూర్చున్నవారి చెవివైపే వస్తుంది. అయితే ఎత్తును నేల నుంచి కాక, పిల్లలు ఎక్కగలిగిన వస్తువు పైభాగం నుంచి కొలుచుకోవాలి. సోఫా చేతిమీద నిలబడితే రెండేళ్ల పిల్ల కూడా నాలుగేళ్ల పిల్ల అందుకునేవన్నీ అందుకుంటుంది.

బిగింపు విషయంలోనే మాకు చికాకు కలిగింది. ఈమధ్య కట్టిన అపార్టుమెంట్లలో చాలా గోడలు ఎర్ర ఇటుకవి కావు, తేలికైన ఏఏసీ బ్లాకులవి. ఆ బ్లాకు నిండా గాలిరంధ్రాలే కాబట్టి మామూలు పొట్టి ప్లాస్టిక్ గిట్టీ మొదట బిగుసుకున్నట్టే అనిపించినా, తరువాత వదులవుతుంది. దుకాణం వారు పంపిన కుర్రవాడు అవే గిట్టీలు దిగ్గొట్టి, పని అయిపోయిందన్నాడు. బ్రాకెట్‌ను పట్టుకుని కిందికి లాగితే సున్నపు పొడి రాలింది. చివరకు మా ఎలక్ట్రీషియన్ పొడవైన నైలాన్ ప్లగ్గులు తెచ్చి, డ్రిల్లును దెబ్బకొడుతూ తిరిగే హామర్ మోడ్‌లో కాకుండా మామూలుగా తిప్పి రంధ్రాలు చేశాక గానీ అవి నిలబడలేదు. స్పీకరు వైర్లను కూడా గోడవెంట వేలాడనీయకుండా పీవీసీ కేసింగ్ పట్టీలో యాంప్లిఫైయర్ దాకా నడిపించాడు.

ధ్వని సంగతికి వస్తే, గాత్రం చాలా స్పష్టంగా వినిపిస్తుంది, వీణ మీటు కూడా శుభ్రంగా ఉంటుంది. మృదంగం వలంతలవైపు (కుడివైపు) దెబ్బ చక్కగానే పలుకుతుంది కానీ తొప్పివైపు (ఎడమవైపు) గుంకారంలో, అంటే మందమైన నాదంలో, బరువు ఉండదు. ఇంత చిన్న పెట్టె 80 హెర్ట్జ్ కింది మంద్ర ధ్వనిని ఎక్కువగా ఇవ్వలేదు, కంపెనీ కూడా అంతకు మించి చెప్పుకోలేదు. సినిమా పాటల్లో డప్పు అదిరిపోవాలని కోరుకునేవారికి ఇవి నచ్చవు.

కొనే ముందు యాంప్లిఫైయర్ వెనుక పలకను తప్పక చదవాలి. ఈ స్పీకర్లు 4 ఓమ్‌లవి; ఓమ్ అంటే కరెంటుకు స్పీకరు చూపే అడ్డంకి కొలత, అది తగ్గేకొద్దీ యాంప్లిఫైయర్ మీద భారం పెరుగుతుంది. ఇళ్లలో టీవీకీ స్పీకర్లకూ కలిపి వాడే ఏవీ రిసీవర్లనే యాంప్లిఫైయర్లలో కొన్ని 6 ఓమ్‌లు, అంతకు పైబడినవాటినే కోరతాయి. నాబ్‌ను ఒక్కసారిగా చివరిదాకా తిప్పేయడం పిల్లలకు సరదా కాబట్టి, గరిష్ఠ శబ్దానికి హద్దు పెట్టుకునే సదుపాయం ఉన్న యాంప్లిఫైయర్ అయితే మరీ మంచిది. డెనాన్ ఏవీ రిసీవర్ల సెట్టింగులలో ఇటువంటి వాల్యూమ్ లిమిట్ ఉంటుంది. ఎంత హద్దు పెట్టాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెడ్‌ఫోన్లతో వినే పరికరాలకు చెప్పిన లెక్కను మేము ఆధారంగా తీసుకున్నాము: పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్, పిల్లలకైతే 75.

యాంప్లిఫైయర్‌ను తలుపున్న అరలో పెట్టేవారు వేడి పోయేందుకు పైనా వెనుకా ఖాళీ వదలాలి. రిమోట్ బిళ్ల బ్యాటరీతో నడిచేదైతే దాన్ని పిల్లల కంట పడనీయకూడదు, ఎందుకంటే ఆ బిళ్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. మూతకు స్క్రూ ఉన్న రిమోట్‌నే ఎంచుకోవడం మేలు. తొప్పి బరువు కోసం మంద్ర ధ్వనికే ప్రత్యేకించిన సబ్‌వూఫర్ స్పీకరును కలుపుదామని మాకూ ఉంది కానీ, అది నేల మీద ఉండేది. దాని పెట్టెలో గాలి ఆడేందుకు ఉండే గొట్టంలోకి చెంచాలు, రంగు పెన్సిళ్లు వెళ్లే వయసు దాటేదాకా ఈ జతతోనే సరిపెట్టుకుంటాము.