వైజాగ్‌లో డ్రై సూట్: డబ్బు కట్టే ముందు వాల్వులు చూడండి

వైజాగ్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకునేవాళ్లకి డ్రై సూట్, అంటే ఒంటికి నీళ్లు తగలనివ్వని డైవింగ్ సూట్, అక్కర్లేదు. ఇక్కడి సముద్రానికి మామూలు వెట్ సూట్ సరిపోతుంది. మేము సెప్టెంబరులో ఐస్‌లాండ్ వెళ్తున్నాం కాబట్టి నాకు దాని అవసరం పడింది. అక్కడ సిల్ఫ్రా అనే రాతి పగులులో నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే ఉంటాయి. డ్రై సూట్ అలవాటు లేనివాళ్లని స్కూబాకి దింపరు. నాకు ఓపెన్ వాటర్ అనే స్కూబా మొదటి మెట్టు సర్టిఫికెట్ మాత్రమే ఉంది.

ఒక డైవింగ్ షాపుకి ఫోన్ చేస్తే, "డ్రై సూట్ కోర్సు ఉంది మేడమ్, 9,500. ఒక్క చుక్క కూడా ఒంటికి తగలదు" అన్నారు. 4,000 అడ్వాన్స్ ఫోన్‌పే చేసి రాజమండ్రి నుంచి రైలెక్కాం. తీరా వెళ్తే చేతికిచ్చింది మోచేతి దగ్గర అతుకు వేసిన వెట్ సూట్! ఇదేంటని అడిగితే, "ఇది 5 మిల్లీమీటర్ల మందం మేడమ్, దీన్నే డ్రై అంటాం" అని నాకే పాఠం చెప్పబోయాడు మేనేజరు.

వెట్ సూట్‌లోకి నీళ్లు వస్తాయి, ఆ పల్చటి పొరని మన ఒంటి వేడే వెచ్చబరుస్తుంది. డ్రై సూట్‌లోకి నీళ్లు రాకూడదు. మెడకీ మణికట్లకీ బిగుతుగా పట్టే సీళ్లు, నీరు చొరని జిప్పు ఉంటాయి. సిలిండర్ గాలి సూట్‌లోకి వదలడానికి ఛాతీ మీద ఒక వాల్వు, బయటికి పంపడానికి సాధారణంగా ఎడమ భుజం కింద ఇంకొకటి. ఇవి కనిపించేలా ఫోటో పంపమనండి, పంపకపోతే పైసా కట్టకండి. ఆ అతుకుల సూట్‌తో కోర్సు చేశామని నమ్మి ఎవరైనా మంచునీళ్లలో దిగితే ప్రాణం మీదికొస్తుంది. నా కోపమంతా అందుకే.

అడ్వాన్స్ తిరిగివ్వం, కావాలంటే బోటు షికారుకి వాడుకోండన్నారు. ఎక్కడా గొంతు పెంచని మా ఆయన ఆరోజు కౌంటరు దగ్గరనుంచి కదల్లేదు. చివరికి 1,500 చేతిలో పెట్టారు. 2,500 పోయినట్టే.

బయటికొస్తుంటే సిలిండర్లు నింపే కుర్రాడు వెనకాలే వచ్చాడు. "అక్కా, నిజం సూట్ కావాలంటే నేవీ మాస్టారిని కలవండి" అని నంబరిచ్చాడు. ఆ అబ్బాయికి రుణపడి ఉంటాను.

మాస్టారు నేవీలో డైవర్‌గా చేసి రిటైరయ్యారు. తర్వాత యూరప్‌లో పనిచేసినప్పుడు కొనుక్కున్న సూట్ ఉంది. ఫీజు 7,000, ఈతకొలనుకి ఇంకో 400. ఎండెక్కితే ఆ సూట్‌లో ఉడికిపోతామని ఆరింటికల్లా రమ్మన్నారు.

వేసుకోవడమే ఒక విద్య. ఉంగరాలు తీయించి, సీళ్లకి పౌడరు రాయించారు. "గోళ్లు తగిలితే చిరుగుతుందమ్మా, వేళ్ల మెత్తతో లాగు" అన్నారు. తల దూరేటప్పుడు రబ్బరు జుట్టుని పట్టేసింది. మెడ చుట్టూ ఎంత బిగుతంటే గుటక వేయాలంటే టెన్షన్. తర్వాత గొంతుక్కూర్చోబెట్టి, మెడ సీలు కింద వేలు దూర్చి లోపలి గాలిని బుస్సుమని పోనిచ్చారు.

లోతువైపు దిగేసరికి సూట్ ముడతలు తొడల్ని గిల్లడం మొదలుపెట్టాయి. ఛాతీ మీద మీట ఒక్కసారి నొక్కితే సూట్‌లోకి గాలి వచ్చి ఆ గిల్లుడు ఆగింది. ఈ కొద్ది లోతుకే ఇలా ఉంటే, సముద్రంలో 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెట్టింపై లోపలి గాలి సగానికి నలిగిపోతుంది. పైకొచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది. వదలకపోతే మనల్ని ఎత్తుకుపోతుంది.

అసలు పాఠం ఆ తర్వాతే. మాస్టారు కావాలనే నన్ను తలకిందులు చేశారు. గాలంతా బూట్లలోకి పోయి కాళ్లు పైకి తేలిపోయాయి. భుజం దగ్గరి వాల్వు కిందికి పోయింది కాబట్టి గాలి వదలడానికి దారి లేదు. మోకాళ్లు కడుపులోకి ముడిచి, దొర్లి, నిటారుగా అయ్యాక ఎడమ మోచెయ్యి ఎత్తాలి. అప్పుడు బుడగలు బిలబిలా వెళ్లిపోతాయి. నీటిపైన నా కాళ్లకున్న ఫిన్స్ మాత్రమే కనబడేసరికి గట్టుమీద మా ఆయన కాఫీ వదిలేసి పరిగెత్తుకొచ్చారట. ఆయన ముఖంలో రంగు మళ్లీ వచ్చేదాకా మాస్టారు పక్కన కూర్చుని ధైర్యం చెప్పారు. ఆలోచించకుండా ఒళ్లు తిరిగేదాకా నాచేత అదే చేయించారు. ఇచ్చిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది.

మిగతాదంతా మామూలే. బీచ్ రోడ్డులో గది 2,400, శుభ్రంగా ఉంది. సాయంత్రం కురుసుర సబ్‌మెరీన్, ఆర్కే బీచ్‌లో 40 రూపాయల మురీ మిక్చర్.

డ్రై సూట్ సర్టిఫికెట్ సంగతి అడిగితే మాస్టారు దాచలేదు. కొలను పాఠం ఒక్కటీ చాలదు, బయటి నీళ్లలో రెండు డైవ్‌లు చేయాలి. "ఇక్కడ ఈ వేడికి లోపల మందపాటి బట్టలు వేసుకోలేవు. అక్కడ వేసుకుంటే వాటిలో గాలి నిలుస్తుంది, మునగడానికి సీసం బరువులు ఎక్కువ కట్టాలి, లెక్కంతా మారిపోతుంది. ఆ రెండూ చల్లటి నీళ్లలోనే చెయ్యమ్మా" అన్నారు. ఆ మాట మీదే రెండు రోజులు ముందే బయల్దేరేలా ఐస్‌లాండ్ టికెట్లు మార్చుకున్నాం. మార్చినందుకు మనిషికి 3,200 పడింది, మా ఆయన కిక్కురుమనకుండా కట్టారు.